ఎక్స్‌ప్రెస్ బస్సుకి మేడ ఎందుకు నిలవలేదు: రిబుల్ కంపెనీ మూడు ప్రయత్నాలు

సంక్రాంతికి ఊరెళ్ళడానికి టికెట్ దొరక్క మా బావమరిది ఫోన్ చేసి చిరాకు పడుతూ ఒక మాట అన్నాడు. "బావా, హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్లు తిప్పారు కదా, అలాంటివే రాజమండ్రికీ విజయవాడకీ వేసి పారేస్తే పోయేది కదా, డ్రైవర్ ఒక్కడే, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుంది, జనం మాత్రం డబుల్, ఇంత చిన్న లెక్క వీళ్ళకి తట్టదా?"

తట్టకపోవడం ఏంటి, ఎప్పుడో తట్టింది. నేను ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ అనే ఊళ్ళో చదువుకున్న రోజుల్లో బస్సుల పిచ్చి పట్టింది. ఆ ఊరి కంపెనీ రిబుల్ మోటార్ సర్వీసెస్ సరిగ్గా మా వాడు వేసిన లెక్కే వేసుకుని దూరప్రయాణాలకి డబుల్ డెక్కర్లు దింపింది. ఒకసారి కాదు మూడుసార్లు, 1948లో, 1959లో, మళ్ళీ 1968లో తన చెల్లెలి కంపెనీ పేరు మీద. మూడుసార్లూ మొదట్లో జనం నోరెళ్ళబెట్టి చూశారు, మూడుసార్లూ కొన్నేళ్ళకి బండి పక్కకి పోయింది. ఎందుకు అని అడిగితే అక్కడి బస్సు పిచ్చోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు, ఇంజిన్ బాలేదంటారు, బ్రేకులంటారు, గవర్నమెంట్ అంటారు. అన్నీ కొంత నిజమే గానీ నాకు అర్థమైన అసలు చిక్కు వేరే ఉంది, అది సీట్లూ సామానూ పొడవూ ఈ మూడింటి మధ్య లెక్క. అది మెల్లగా విప్పుతా.

ముందు కంపెనీ సంగతి. రిబుల్ అంటే ప్రెస్టన్ పక్కనుంచి పారే నది పేరు, మన దగ్గర గౌతమి, కృష్ణా అని పేర్లు పెట్టుకున్నట్టే. 1919లో మొదలైంది. లాంకషైర్ మొత్తం, కింద లివర్‌పూల్, మాంచెస్టర్ నుంచి పైన స్కాట్లండ్ బోర్డర్ దగ్గరున్న కార్లైల్ దాకా వీళ్ళ ఎర్ర బస్సులే. ప్రెస్టన్ నుంచి దక్షిణంగా ఆరు మైళ్ళు పోతే లేలాండ్ అని ఇంకో చిన్న ఊరు వస్తుంది. అవును, మన అశోక్ లేలాండ్‌లో ఉన్న లేలాండ్ అదే, అదొక ఊరి పేరు. నేను మొదటిసారి రోడ్డు మీద ఆ బోర్డు చూసినప్పుడు, చిన్నప్పటి నుంచి ఆర్టీసీ బస్సు మూతి మీద చదివిన పేరు ఇక్కడ ఊరై కూర్చుందేంటని కాసేపు బోర్డు వైపే చూస్తూ నిలబడ్డా. రిబుల్ వాళ్ళు దాదాపుగా లేలాండ్ బళ్ళే కొనేవాళ్ళు, పక్కూరే కాబట్టి తేడా వస్తే వెళ్ళి గట్టిగా అడిగే చనువు కూడా ఉండేది.

ఇప్పుడు 1948 ఎందుకంటే, లాంకషైర్ అంటే పత్తి మిల్లుల దేశం. అక్కడ వేక్స్ వీక్ అని ఒక పద్ధతి ఉండేది, ఒక్కో ఊళ్ళో మిల్లులన్నీ వారం పాటు ఒకేసారి మూసేస్తారు, ఈ వారం బర్న్లీ అయితే ఇంకో వారం బ్లాక్‌బర్న్. ఊరు ఊరంతా పెట్టెలు సర్దుకుని బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డుకి. మన సంక్రాంతి రష్ ఊహించుకోండి, కాకపోతే సంక్రాంతి ఏడాదికి ఒక్కసారి, వీళ్ళకి వేసవి మొత్తం ఒక్కో ఊరికి ఒక్కో సంక్రాంతి. వేసవి అయిపోయినా బ్లాక్‌పూల్‌లో దీపాల అలంకరణ మొదలెట్టి సీజన్‌ని ఇంకొన్ని వారాలు సాగదీస్తారు. యుద్ధం అప్పుడే అయిపోయింది, చేతిలో కాస్త డబ్బుంది, కార్లు లేవు, పెట్రోలుకి రేషన్. అంత జనాన్ని మొయ్యాలి.

అప్పట్లో మామూలు ఎక్స్‌ప్రెస్ కోచ్ (దూరప్రయాణం బస్సుని అక్కడ కోచ్ అంటారు) అంటే ఒకటే అంతస్తు, ముందు ఇంజిన్, దాని పక్కన డ్రైవర్‌కి చిన్న గూడు, వెనకాల 33 సీట్లు. 33 మందికి ఒక డ్రైవర్, ఒక కండక్టర్. పైగా రూట్ పర్మిట్ల కంట్రోల్ 1930 చట్టం నాటి నుంచీ గట్టిగా ఉంది, ఎక్కడ పడితే అక్కడ బస్సు వెయ్యడానికి లేదు. కాబట్టి ఉన్న ట్రిప్పులోనే ఎక్కువమందిని ఎక్కించడం లాభం. రిబుల్ వాళ్ళు లేలాండ్ టైటాన్ ఛాసీలు (అంటే బాడీ కట్టకముందు ఇంజిన్, చక్రాలతో ఉండే అడుగు చట్రాలు) తీసుకుని బ్లాక్‌పూల్‌లోనే ఉన్న బర్లింగ్‌హామ్ అనే బాడీ షాపులో 30 బళ్ళు కట్టించారు. సీట్లు 49, పైన 27, కింద 22. రంగు ఎరుపు కాదు, మీగడ తెలుపు. జనం దానికి వైట్ లేడీ అని పేరు పెట్టేశారు. 1950 ప్రాంతంలో ఇంకో 20 వచ్చాయి, ఈసారి బాడీ బ్లాక్‌బర్న్‌లోని ఈస్ట్ లాంక్స్ వాళ్ళది. అంటే ఛాసీ ఆ జిల్లాదే, బాడీ ఆ జిల్లాదే, ఎక్కే జనం కూడా ఆ జిల్లావాళ్ళే, బియ్యం మనవి, పప్పు మనది, పంక్తిలో కూర్చున్నదీ మనవాళ్ళే అన్నట్టు.

కింద 22 ఏంటి, పైన 27 ఏంటి, పైన ఎక్కువ ఉండటమేంటి అని డౌట్ వస్తుంది. ఇక్కడే మొదటి ముడి ఉంది, సామాను. సిటీ బస్సు ఎక్కేవాడి చేతిలో మహా అయితే ఒక సంచి. వారం రోజులు సముద్రానికి పోయేవాడి చేతిలో పెట్టె, పిల్లల బండి, గొడుగు, అత్తగారు. మామూలు కోచ్‌లో అయితే నేల ఎత్తుగా ఉంటుంది కాబట్టి వెనక డిక్కీలో తోసేస్తారు. డబుల్ డెక్కర్‌లో కింది అంతస్తు నేల ఎంత కిందకి ఉంటే అంత కిందకి పెట్టాలి, లేకపోతే పై అంతస్తు బ్రిడ్జికి కొట్టుకుంటుంది. నేల కింద డిక్కీకి చోటే ఉండదు. కాబట్టి సామాను లోపలికే రావాలి, లోపలికొస్తే సీటు తీసెయ్యాలి. అందుకే కింద అన్ని తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సగం అర్థమైనట్టే.

బ్రిడ్జి సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి, ఇది నేను నెత్తి మీద అనుభవించి నేర్చుకున్నది. ఇంగ్లండ్‌లో రైల్వే వంతెనలు చాలా పాతవి, వాటి కింద మామూలు డబుల్ డెక్కర్ పట్టదు, మామూలుది పద్నాలుగున్నర అడుగులు ఉంటుంది. అందుకని లోబ్రిడ్జ్ అని ఒక రకం కట్టేవాళ్ళు, ఎత్తు పదమూడున్నర. ఆ ఒక అడుగు ఎలా తగ్గించారంటే, పై అంతస్తులో నడిచే దారిని మధ్యలో కాకుండా ఒక పక్కకి నెట్టి దాన్ని గాడిలాగా కిందకి దించేశారు. పైన సీట్లు నలుగురు కూర్చునే బెంచీల్లాగా ఉంటాయి, కిటికీ దగ్గరవాడు దిగాలంటే ముగ్గురు లేవాలి. మరి ఆ గాడి ఎక్కడికి దిగింది? కింద కూర్చున్నవాళ్ళ నెత్తి మీదకి. ఒక పాత బస్సుల మేళాలో అలాంటి బండి ఎక్కి, కింద కుడిపక్క సీట్లో కూర్చుని, దిగాల్సినచోట ఠక్కున లేచా. ఠంగుమని మోగింది. ముందు సీటు వీపు మీద చిన్న ప్లేటు ఉంది, సీటు వదిలేటప్పుడు తల చూసుకోండి అని, అది తగిలాక చదివా. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వాపుకుంటూ ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళం అందరం వంగే లేస్తాం బాబూ అన్నాడు.

వైట్ లేడీలు కూడా లోబ్రిడ్జ్ రకమే. సీట్లు మెత్తవి, వెనక ప్లాట్‌ఫాంకి తలుపు ఉంది (మామూలు బస్సులకి అప్పట్లో తలుపే ఉండదు, చలిగాలి కొడుతూనే ఉంటుంది), వెడల్పు కూడా కొత్త రూల్ ప్రకారం 8 అడుగులు. ముందు భాగం సగం గూడు లాగా కాకుండా నిండుగా ఒకే అద్దం ముఖంలాగా కట్టారు, కోచ్‌లా కనిపించాలని. అందం బాగానే ఉంది గానీ ఇలా ముఖం మూసేసిన బళ్ళంటే మెకానిక్కులకి ఒళ్ళు మంట, సగం గూడు బండికైతే పక్క రేకు ఎత్తితే ఇంజిన్ చేతికొస్తుంది, దీనికి లోపలికి దూరాలి. మొదటి 30 బళ్ళలో ఇంజిన్ 7.4 లీటర్లు, 100 హార్స్‌పవర్, మాంచెస్టర్ దాటి కొండల్లోకి ఎక్కేటప్పుడు నిండు బండితో దానికి అది సరిపోయే బలం కాదు. రెండో బ్యాచ్‌కి 9.8 లీటర్ల పెద్ద ఇంజిన్ పెట్టారు, 125 హార్స్‌పవర్.

లెక్క చూస్తే బ్రహ్మాండం, 33 బదులు 49, అంటే దాదాపు సగం ఎక్కువ. మరి ఎందుకు ఆగింది? 1950లో రూల్ మారింది. రెండు యాక్సిళ్ళ (ఇరుసుల) సింగిల్ డెక్కర్ 30 అడుగుల పొడవు దాకా కట్టుకోవచ్చన్నారు. అదే టైమ్‌లో ఇంజిన్‌ని నేల కింద పడుకోబెట్టే ఛాసీలు వచ్చాయి, ముందు ఇంజిన్ తినేసే చోటు మిగిలింది. ఒక్క దెబ్బకి మామూలు కోచ్‌లో 41 సీట్లు పట్టాయి, వెనక డిక్కీ అలాగే ఉంది. 49కి 41కి తేడా ఎంత? ఎనిమిది. ఎనిమిది సీట్ల కోసం మెట్లెక్కడం, నలుగురి బెంచీ, నెత్తికి బొప్పి. వైట్ లేడీలు మాంచెస్టర్, బర్న్లీ, బ్లాక్‌పూల్ లాంటి దగ్గరి ఎక్స్‌ప్రెస్ రూట్లలో కొన్నేళ్ళు తిరిగి తర్వాత ఎర్ర రంగు వేయించుకుని మామూలు సర్వీసుల్లోకి దిగిపోయాయి. రెండో బ్యాచ్‌లో ఒకదాన్ని ఇప్పటికీ ఔత్సాహికులు ముద్దుగా కాపాడుకుంటున్నారు.

ఇక రెండోసారి, ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం, కొంచెం ఎక్కువసేపు చెప్తా.

1958 డిసెంబర్ 5న బ్రిటన్‌లో మొట్టమొదటి మోటార్‌వే (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటి రోడ్డు) ఓపెన్ అయింది, ఎక్కడనుకున్నారు, లండన్‌లో కాదు, ప్రెస్టన్‌లో. ప్రెస్టన్ బైపాస్, ఎనిమిది మైళ్ళ పైచిలుకు. ప్రధానమంత్రి మాక్‌మిలన్ వచ్చి ఓపెన్ చేశారు. 46 రోజులకి మంచు దెబ్బకి రోడ్డు పాడై మూసేశారు అనుకోండి, అది వేరే సంగతి, కొత్త రోడ్డు ఓపెన్ చేయగానే గుంతలు పడటం మన ఒక్కళ్ళ హక్కేం కాదు. తర్వాతి ఏడాది నవంబర్ 2న లండన్ వైపు నుంచి ఎం1 అనే ఇంకో మోటార్‌వే ఓపెన్ అయింది. అంతవరకూ అక్కడ బస్సులకి రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా గంటకి 30 మైళ్ళే లిమిట్, ఆ 30ని 40 చేసింది 1961లో. ప్రెస్టన్ నుంచి లండన్ సుమారు 215 మైళ్ళు, ఎక్కడా ఆగకుండా 30 మీద పోయినా ఏడు గంటలు దాటుతుంది, ఊళ్ళ మధ్యలోంచి పోతూ టీకి ఒకచోట, టాయిలెట్‌కి ఒకచోట ఆగితే రోజంతా దానికే పోతుంది. మోటార్‌వే మీద మొదట్లో స్పీడ్ లిమిట్ అనేదే లేదు. మిడ్‌లాండ్ రెడ్ అని బర్మింగ్‌హామ్ కంపెనీ ఒకటి ఎం1 ఓపెన్ అయిన మొదటిరోజే టర్బో పెట్టిన సింగిల్ డెక్ కోచ్‌లు దింపి గంటకి 85 మైళ్ళు లాగించింది. వాళ్ళు స్పీడ్ అమ్మారు. రిబుల్ ఏం అమ్మిందంటే, విమానం.

ఆ బండి పేరు గే హోస్టెస్. ఆ రోజుల్లో గే అంటే ఉల్లాసంగా ఉండటం అనే అర్థమే, అదొక్కటి గమనించండి. రిబుల్‌కి లండన్ సర్వీసులు నడిపే చెల్లెలి కంపెనీ ఒకటుంది, స్టాండర్‌విక్, బ్లాక్‌పూల్‌ది, 1932లో కొనుక్కున్నారు. ఈ రెండింటి పేర్ల మీదా 1959 నుంచి 1961 దాకా ముప్పైకి పైగా గే హోస్టెస్‌లు వచ్చాయి. ఛాసీ లేలాండ్ అట్లాంటియన్, అంటే ఆ కాలానికి చాలా కొత్త సరుకు, ఇంజిన్ వెనకాల అడ్డంగా పెట్టి, తలుపు ముందు చక్రాల కన్నా ముందుకి తెచ్చి డ్రైవర్ పక్కన పెట్టిన డబుల్ డెక్కర్, మామూలు సర్వీసుల్లో తిరగడం మొదలుపెట్టిందే 1958 డిసెంబర్‌లో. బాడీ వేమన్ వాళ్ళది, మన వేమన కాదు లెండి, ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న కంపెనీ.

సిటీకి కట్టిన అట్లాంటియన్‌లో 78 మంది పడతారు. గే హోస్టెస్‌లో ఎన్ని సీట్లు పెట్టారో తెలుసా, 50. పైన 34, కింద 16. మిగతా చోటంతా ఏమైందంటే, కింద టాయిలెట్, చిన్న వంటగట్టు, సామాను. యూనిఫాం వేసుకున్న హోస్టెస్ ఒకమ్మాయి ఉంటుంది, టీ, శాండ్‌విచ్ సీటు దగ్గరకే తెచ్చిస్తుంది. టాయిలెట్ లోపలే, టీ లోపలే అయ్యేసరికి దారిలో ఆగాల్సిన పని తగ్గింది. ఇంజిన్ ఎంత పెద్దదైనా టీ కొట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగితే ఆ సంపాదించిన టైమంతా అక్కడే పోతుంది, మన నైట్ బస్సులు దాబా దగ్గర ఎంతసేపు ఆపుతాయో తెలిసిన ఎవరికైనా ఇది వేరే చెప్పక్కర్లేదు. రిబుల్ వాళ్ళు ఆ పాయింట్ పట్టుకున్నారు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

కానీ ఆ హోస్టెస్ పని ఒకసారి ఊహించండి. వంటగట్టు కింద, జనంలో మూడింట రెండు వంతులు పైన. కదిలే బస్సులో, ఇరుకు మెట్ల మీద, చేతిలో వేడి టీ ట్రే. విమానంలో కనీసం అంతా ఒకే నేల మీద ఉంటుంది. డబుల్ డెక్కర్ పైభాగం ఊగుడు కింద కన్నా ఎక్కువ, మలుపులో ఇంకా ఎక్కువ, ఊయల్లో కూర్చున్నట్టు ఉంటుంది. పడిపోతుందేమో అని భయపడక్కర్లేదు, బ్రిటన్‌లో డబుల్ డెక్కర్‌ని రోడ్డెక్కించాలంటే పై అంతస్తులో మనుషుల బరువుకి సరిపడా ఇసక మూటలు పెట్టి, కింద ఖాళీగా ఉంచి, 28 డిగ్రీల దాకా పక్కకి వంచి చూస్తారు, అయినా పడకూడదు. 28 డిగ్రీలు అంటే ఫోటోలో చూస్తే మనకే గుండె జారుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, బరువంతా కిందే ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. నిలవడం వేరు, టీ ఒలకకపోవడం వేరు.

ఇప్పుడు మళ్ళీ లెక్క. 1959లో మామూలు కోచ్ 41 సీట్లు, గే హోస్టెస్ 50. తేడా తొమ్మిది, కాకపోతే టాయిలెట్టూ వంటగట్టూ పోగా తొమ్మిది, అది నిజంగా గొప్పే. హోస్టెస్ జీతం, పెద్ద బండి డీజిల్ దాంట్లోంచే రావాలి. ఆ లెక్క రెండేళ్ళు నడిచింది. 1961లో రూల్ మళ్ళీ మారింది, సింగిల్ డెక్కర్ 36 అడుగులు కట్టుకోండి అన్నారు. 49 సీట్లు, ఒకే అంతస్తులో, నేల కింద ఇంజిన్, వెనకాల డిక్కీ, ఏ బ్రిడ్జి కిందనుంచైనా పోతుంది. 50కి 49కి తేడా ఒకటి. టాయిలెట్ పెడితే దాంట్లోనూ కొన్ని సీట్లు పోతాయి నిజమే, అయినా మేడ ఎక్కించినందుకు మిగిలేది చేతివేళ్ళ మీద లెక్క పెట్టొచ్చు. 1965 డిసెంబర్‌లో మోటార్‌వేలకి 70 మైళ్ళ లిమిట్ కూడా వచ్చింది.

ఇంత కళ్ళకి కనిపిస్తున్నా మూడోసారి మళ్ళీ ఎందుకు వెళ్ళారు అనేది నాకు చాలాకాలం అర్థం కాలేదు, ఇప్పటికీ ఆ నిర్ణయం నాకు మొండిగానే అనిపిస్తుంది. గే హోస్టెస్‌లు పాతబడ్డాయి, బదులు ఏదో ఒకటి కావాలి. 1966లో డబుల్ డెక్కర్‌ని కండక్టర్ లేకుండా నడపొచ్చని ఒప్పుకున్నారు, అంటే హోస్టెస్ జీతం కూడా మిగిలించుకోవచ్చు. డబుల్ డెక్కర్ని కూడా 36 అడుగులు సాగదియ్యొచ్చు. అలా 1968లో బ్రిస్టల్ అనే కంపెనీ కట్టిన వీఆర్‌ఎల్ మోడల్ వచ్చింది, ఇంజిన్ వెనక ఒక మూలకి బండి పొడవునా పెట్టిన పొడుగు డబుల్ డెక్కర్. స్టాండర్‌విక్ 1972 లోపు 30 తీసుకుంది. పైన 42, కింద 18, మొత్తం 60, టాయిలెట్ ఉంది, హోస్టెస్ లేదు. టీ లేదు. మొదటిసారి నుంచి కింది సీట్లు వరసగా చూడండి, 22, 16, 18. ఇరవై ఏళ్ళలో బండి ఎంత పెరిగినా కింది అంతస్తు పెట్టెలకీ టాయిలెట్‌కీ దక్కింది, మనుషులు మేడ మీదకి పోయారు.

ఈలోపు కంపెనీ పైవాళ్ళు మారారు. రిబుల్ అంతవరకూ బీఈటీ అనే ప్రైవేట్ గ్రూప్ చేతిలో ఉండేది, ఆ గ్రూప్ తన బస్సుల్ని ప్రభుత్వానికి అమ్మేసింది, 1969 జనవరి 1న నేషనల్ బస్ కంపెనీ పుట్టింది. బ్రిస్టల్ ఊళ్ళో ఛాసీ, లోస్టాఫ్ట్ ఊళ్ళో ఈసీడబ్ల్యూ అనే కంపెనీ బాడీ, అంటే దేశానికి ఒక చివర ఒకటి, రెండో చివర ఇంకోటి, లేలాండ్‌ది ఇంజిన్ మాత్రమే మిగిలింది. ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఫ్యాక్టరీకి బండి తోలుకెళ్ళి చూపించే చనువు పోయింది. ఈ మోడల్ బ్రిటన్‌లో ఇంకెవరూ పెద్దగా కొనలేదు, మిగతావి దక్షిణాఫ్రికాకి పోయాయి. అంత తక్కువ బళ్ళున్న మోడల్‌కి బ్రేకులో, ఇంజిన్‌లో చిక్కొస్తే దాని మీద కూర్చుని సరిచేసే ఓపిక ఏ ఫ్యాక్టరీకి ఉంటుంది? అదే బ్రిస్టల్ కంపెనీ ఇంజిన్ని అడ్డంగా తిప్పి పొట్టిగా కట్టిన వీఆర్‌టీ మాత్రం సిటీల్లో, పల్లెల్లో వందలకి వందలు తిరిగింది. అందుకని మేకర్ చేతకానివాడు అనడం అన్యాయం, ఆ సైజు డబుల్ డెక్కర్‌ని రోజుకి వందల మైళ్ళు మోటార్‌వే మీద పరిగెత్తించడమే అసలు పరీక్ష.

లెక్క వైపు చూస్తే ఈసారి రూల్ తర్వాత కాదు, ముందే మారి కూర్చుంది. 1967లోనే సింగిల్ డెక్కర్‌కి 12 మీటర్లు (39 అడుగుల పైచిలుకు) ఒప్పుకున్నారు. సర్దుకుని కూర్చుంటే యాభై పైచిలుకు సీట్లు ఒకే అంతస్తులో. 1974లో స్టాండర్‌విక్ పేరు కూడా పోయి నేషనల్ ట్రావెల్ అయింది, కోచ్‌లన్నీ దేశం మొత్తం ఒకే తెల్ల రంగు. డెబ్బైల రెండో సగంలో వీఆర్‌ఎల్‌లు రోడ్డు దిగిపోయాయి. రిబుల్ ఎక్స్‌ప్రెస్ డబుల్ డెక్కర్ కథ అక్కడితో ఆగినట్టే.

కాబట్టి మా బావమరిది లెక్కలో తప్పు ఎక్కడుందంటే, జనం డబుల్ అన్నాడు చూశారా, అక్కడ. సిటీలో అయితే కొంతవరకు నిజం. దూరప్రయాణానికి సామాను పెట్టేసరికి కింది అంతస్తులో పెద్ద ముక్క ఎగిరిపోతుంది, టాయిలెట్ పెడితే ఇంకాస్త, చివరికి మిగిలే లాభం మామూలు కోచ్ ఎంత పొడుగు కట్టనిస్తారు అనేదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ పొడవు గవర్నమెంట్ చేతిలో ఉంది. ప్రతిసారీ డబుల్ డెక్కర్ కొత్తగా వచ్చిన కాలానికి అటూ ఇటూగా రెండేళ్ళలో సింగిల్ డెక్కర్ ఇంకో ఆరడుగులో, మూడడుగులో పెరిగింది, పెరిగిన ప్రతిసారీ మేడ విలువ తగ్గింది. బ్రేకులూ ఇంజిన్లూ నిందలు మోశాయి గానీ, మొదటి రెండుసార్లు చంపింది మాత్రం కొలబద్ద.

మన దగ్గర ఏమైందో కూడా రెండు ముక్కల్లో. నిజాం రైల్వే వాళ్ళ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ విభాగం 1932లో 27 బస్సులతో మొదలైంది, అవి ఆల్బియన్ బళ్ళు, స్కాట్లండ్‌వి, ఆ ఆల్బియన్‌ని 1951లో లేలాండే కొనేసింది. మద్రాస్ దగ్గర ఎన్నూర్‌లో లేలాండ్ పొత్తుతో అశోక్ లేలాండ్ పేరు స్థిరపడింది 1955లో. హైదరాబాద్‌లో ఆర్టీసీ డబుల్ డెక్కర్లు ఏళ్ళ తరబడి తిరిగి 2000ల మొదట్లో ఆగిపోయాయి, 2023 ఫిబ్రవరిలో మళ్ళీ మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు వచ్చాయి, అవి కట్టిన స్విచ్ కంపెనీ కూడా అశోక్ లేలాండ్ చుట్టమే. అన్నీ సిటీలోనే. దూరం పోయే బళ్ళలో మనవాళ్ళు రెండో అంతస్తుని ఇంకో రకంగా ఇరికించారు, స్లీపర్‌లో అప్పర్ బెర్త్. నేల ఎత్తుగానే ఉంటుంది, కింద డిక్కీ అలాగే ఉంటుంది, మనిషిని మాత్రం పడుకోబెట్టి పైకి పేర్చారు. సీట్లు పెరగవు గానీ టికెట్ రేటు పెరుగుతుంది.

అయితే బ్రిటన్‌లో కథ పూర్తిగా చావలేదు. 1980 అక్టోబర్‌లో దూరప్రయాణం కోచ్‌లకి రూట్ పర్మిట్ల గోల తీసేశారు, రేట్ల యుద్ధం మొదలైంది, ఒక్కో డ్రైవర్‌కి ఎన్ని సీట్లు అనే ప్రశ్న మళ్ళీ బతికింది. ఈసారి జర్మనీ నుంచి నియోప్లాన్ స్కైలైనర్ లాంటివి వచ్చాయి, మూడు యాక్సిళ్ళు, 12 మీటర్ల పొడవు, ఎత్తు మాత్రం నాలుగు మీటర్లే. సింగిల్ డెక్కర్‌కి ఇచ్చిన పొడవంతా దీనికీ వాడుకున్నారు కాబట్టి పాత కొలబద్ద దెబ్బ తగల్లేదు, అదనపు బరువుని మూడో యాక్సిల్ మోసింది. రిబుల్‌ని 1988లో మేనేజర్లే కొనుక్కున్నారు, మరుసటేడాదే స్టేజ్‌కోచ్ అనే పెద్ద బస్సు కంపెనీ మింగేసింది. ఆ స్టేజ్‌కోచ్ 2003లో మెగాబస్ అని చవక సర్వీసు మొదలుపెట్టి, తొలిరోజుల్లో హాంకాంగ్ నుంచి తెచ్చిన పాత మూడు యాక్సిళ్ళ డబుల్ డెక్కర్లు తిప్పింది. అవి లేలాండ్ ఒలింపియన్లు.

ప్రెస్టన్ బస్టాండ్ 1969లో కట్టారు, అటు నలభై, ఇటు నలభై, మొత్తం ఎనభై గేట్లు, పైన కార్ పార్కింగ్, కూల్చేద్దామనుకుంటే ఊరు ఊరంతా గొడవ చేసి 2013లో వారసత్వ కట్టడంగా రాయించుకున్నారు. అక్కడ ఒక సాయంత్రం చలికి వణుకుతూ కూర్చుంటే పక్కన ఒక రిటైరైన డ్రైవర్ పలకరించాడు, నాకు బస్సుల పిచ్చి అని తెలిశాక చెప్పిన మాట, మాంచెస్టర్ నుంచి బర్న్లీ పోయే ఎక్స్43 ఎక్కు, అది రిబుల్ నాటి నెంబరే అని. తర్వాతి శనివారం ఎక్కా. డబుల్ డెక్కర్, పైన ముందు సీటు, దారంతా కొండలు. ఎక్కినవాళ్ళ చేతుల్లో చూస్తే ఒకరికి కూరగాయల సంచి, ఇద్దరికి ఆఫీస్ బ్యాగ్, ఒక అబ్బాయికి ఫుట్‌బాల్. పెట్టె పట్టుకుని ఎక్కినవాడు ఒక్కడూ లేడు.